శాలువా కొస

నేను అల్లిన మొదటి స్వెటర్‌ను నా యారాలు తన కుక్కకు తొడిగింది. యారాలు అంటే మా ఆయన అన్న భార్య. శామీర్‌పేటలో వాళ్ళది పెద్ద ఇల్లు, ఇంటి ముందు పచ్చగడ్డి, గేటు దగ్గర బొమ్మంత కుక్క. నేను ఏరికోరి కుట్టిన నీలం గుండీలు ఆ కుక్క పొట్ట కింద మెరుస్తుంటే చూశాను. అప్పటిదాకా అల్లిక నాకొక సరదా. ఆ రోజు నుంచి ఆమె మీద పగ తీర్చుకోవడానికి నేర్చుకున్నాను.

మేముండేది మచ్చ బొల్లారంలో. మా ఆయనది జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని. మేడ్చల్‌లో మా పిన్ని ఉండేది. ఆమెను చూడటానికి వెళ్ళినప్పుడల్లా, మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలికి పోయే సందులో, మిక్సీలు బాగుచేసే షాపు పక్కన ఒక ఊలు దుకాణం కనిపించేది. అద్దాల బీరువాల నిండా రంగురంగుల ఊలు ఉండలు. మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్ళు కింద చాప మీద కూర్చుని, ఒళ్ళో దారాలు పెట్టుకుని, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే చేతులు ఆడిస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళు చేతుల వైపు చూసేవాళ్ళు కాదు. అది చూసే నాకు ఆశ పుట్టింది. ఒకరోజు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

దుకాణం నడిపేది అరవై దాటిన ఒక ముస్లిం ఆమె. అందరూ ఆపా అనేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో భర్త మిలటరీ ఉద్యోగం వల్ల చలి ఊళ్ళన్నీ తిరిగిందట. అక్కడి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ మాకు నేర్పేది. ఆమె తెలుగులో ఉర్దూ కలిసిపోయి ఉండేది. అల్లికలో ఒక్కో ముడినీ ఫందా అనేది. ముందు వైపు నుంచి వేసే ఫందా సీదా, వెనక వైపు నుంచి వేసేది ఉల్టా.

"సీదా, ఉల్టా. దునియా మొత్తం గీ రెండింట్లనే ఉన్నది బేటా. మిగిలిందంత డిజైన్" అని మొదటి రోజే చెప్పింది.

నా చేతులకు ఆ రెండూ అబ్బడానికి వానాకాలమంతా పట్టింది. సూదుల మీద నుంచి ఫందాలు జారిపోయేవి. వరస మొదట్లో ఉన్నన్ని చివరికి వచ్చేసరికి ఉండేవి కావు. ఆపా నా పక్కన కూర్చుని, జారినవాటిని ఒక్కొక్కటే పైకి ఎక్కించి ఇచ్చేది. అప్పుడే నా యారాలికి మనవడు పుట్టాడు. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కి నా చేత్తో ఏదైనా ఇవ్వాలనిపించి, లేత పసుపు ఊలుతో చిన్న స్వెటర్ మొదలుపెట్టాను. గుండీలు నీలానివి కుట్టాను. ఒక చెయ్యి కొంచెం పొడుగు వచ్చింది. విప్పి మళ్ళీ అల్లడానికి సమయం లేదు. పసిపిల్లవాడికి చేతులు మడిచి వేస్తారు కదా, తెలియదులే అనుకున్నాను.

ఇక్కడ నా యారాలి గురించి ఒక మాట చెప్పాలి. ఆమె మొదటినుంచీ చెడ్డది అంటే అబద్ధమవుతుంది. నా కొడుకు పుట్టినప్పుడు ఆసుపత్రిలో నా పక్కన కింద పడుకున్నది ఆమే. ఆ రోజుల్లో వాళ్ళూ మాలాగే ఉండేవాళ్ళు. తర్వాత ఆమె భర్త, మా బావ, ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు, ఊళ్ళో రాజకీయాల్లో తిరిగాడు, ఇల్లు పెద్దదయింది. ఇల్లు పెరిగినకొద్దీ ఆమెకు ఎదుటివాళ్ళను నలుగురిలో చిన్నచేసి నవ్వించడం అలవాటయింది. నేను దగ్గరిదాన్ని కాబట్టి ఎక్కువగా నామీదే పడేది.

తొట్టెల రోజు వచ్చిన కానుకలన్నీ ఆమె అందరి ముందూ విప్పింది. నాది విప్పి, రెండు చేతులూ పట్టుకుని గాల్లోకి ఎత్తింది.

"ఏంది చెల్లె, గిది అంగీనా, సంచా? ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. మా మనుమడు మంచిగనే పుట్టిండు గదా."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నన్ను ఎక్కువగా కాల్చింది అదే. వాళ్ళు నవ్వినందుకు కాదు, వాళ్ళతో కలిసి నేను నవ్వినందుకు.

చలికాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున అత్తమ్మను చూడటానికి నేనూ మా ఆయనా బండి మీద శామీర్‌పేట వెళ్ళాం. అత్తమ్మ, అంటే మా ఆయన తల్లి, వాళ్ళింట్లోనే ఉండేది. గేటు తీయగానే కుక్క ఎదురొచ్చింది. ఒంటి మీద నా పసుపు స్వెటర్. కాళ్ళు పట్టడానికి చంకల దగ్గర కత్తెరతో కోశారు. కోసిన చోట ఊలు పోగులు వేలాడుతున్నాయి.

"గిదెవలు ఏసిన్రు దీనికి?" అని అడిగాను. నా గొంతు మామూలుగానే వచ్చింది.

"నేనే ఏసిన" అంది యారాలు, వరండాలో చాయ్ తాగుతూ. "సలికి వణుకుతాంది పాపం. పోరనికి ఏస్తే పొడుసుకుంటది. దీనికి మస్తు కుదిరింది సూడు."

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద మా ఆయన, "కుక్క అంటే ఆమెకు పానం. నిన్ను అవమానం జేసుడు కాదది" అన్నాడు.

"నువ్వు బండి సూసుకుంట నడుపు" అన్నాను.

ఆ తర్వాత క్లాసుకు వెళ్ళినప్పుడు నా చేతిలో పని నాకు తెలియకుండానే బిగుసుకుపోయింది. ఆపా నా ఒళ్ళోంచి ఆ ముక్క తీసుకుని వంచి చూసింది. అది వంగలేదు.

"ఏంది బేటా గిది? గోనెసంచి లెక్క అయింది. ఎవల మీద గుస్సా?"

నేను మొదట ఏమీ లేదన్నాను. తర్వాత అంతా చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళ సూదులు ఆగిపోయాయి. ఆపా కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పోనీలే, క్షమించు అంటుందనుకున్నాను.

"ఆ స్వెటర్ల సగం ఫందాలు నేను ఎత్తిచ్చినయి" అంది. "అంటే నా పనిని గూడ కుక్కకేసినట్టే."

"అవును ఆపా."

"గుస్సా ఉండనియ్యి. గని చేతులకు రానియ్యకు. చేతుల బిగువుంటే పని చెడ్తది. దిల్ల ఎంత గట్టిగున్నా చేతులు ఢీలా ఉండాలె. అట్లయితేనే నువ్వు ఆమె కండ్ల ముంగట నిలవడే పని జేస్తవ్."

ఆ గోనెసంచిని నా చేతే మొత్తం విప్పించింది.

నేను నిజంగా నేర్చుకున్నది ఆ తర్వాతే. సూదుల అల్లికతో పాటు క్రోషే కూడా పట్టుకున్నాను. క్రోషేకు కొక్కెం ఉన్న ఒక్క చిన్న సూదే చాలు. చేతిసంచిలో వేసుకుని బస్సులో కూడా అల్లుకోవచ్చు. ఆపా దగ్గర ఒక పద్ధతి ఉండేది. తప్పు ఎక్కడున్నా సర్దిపెట్టనిచ్చేది కాదు. కొస పట్టుకుని లాగేది. సర్రుమని వరసలన్నీ విడిపోయి, పొద్దంతా చేసిన పని ఒళ్ళో దారపు కుప్పయ్యేది. కొత్తగా వచ్చినవాళ్ళలో ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. నేను ఏడవలేదు. విప్పిన ప్రతిసారీ యారాలి ముఖాన్ని తలుచుకుని మళ్ళీ మొదటి ఫందా వేసేదాన్ని.

జవహర్‌నగర్ డంపుయార్డు వైపు నుంచి గాలి తిరిగిన రోజుల్లో మా కాలనీ అంతా చెత్త వాసన. కిటికీలు మూసుకుని, ఫ్యాను కింద కూర్చుని అల్లేదాన్ని. అల్లుతున్నంతసేపూ ఏం చేయాలో ఊహించుకునేదాన్ని. ముందుగా చిన్న పగ ఒకటి తీర్చుకున్నాను. బావకు మఫ్లర్ అల్లాను. వాళ్ళ కూతురికి చేతిసంచి. వాళ్ళింట్లో వంట చేసే ఆమె బిడ్డకు టోపీ. వాళ్ళ వాచ్‌మన్‌కు కూడా టోపీ. అన్నీ యారాలి ఎదురుగానే పంచాను. ఆమెకు ఏమీ ఇవ్వలేదు. వాచ్‌మన్ టోపీ పెట్టుకుని గేటు తీసినప్పుడల్లా ఆమె చూపు దానిమీద ఒక క్షణం నిలిచేది. అప్పటికి నా పని నిజంగానే బాగుండేది. ఆమెకు అది తెలుసు. అడగడానికి నోరు రాలేదు. ఆ నోరు రాకపోవడం చూడటానికే నేను శామీర్‌పేట వెళ్ళేదాన్ని.

ఒకసారి అత్తమ్మ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేయమంది. ఆమె వీపు ముందుకు వంగిపోయింది. చలికి భుజాలు నొప్పులు. రెండు పాత తువ్వాళ్ళు కలిపి కప్పుకుని కూర్చుంది.

"బిడ్డా, అందరికీ అల్లుతున్నవట. నాకొకటి అల్లు. భుజాల మీద కప్పుకునేది."

"అల్లుత అత్తమ్మా. ఏం రంగు తేవాలె?"

"ముసల్దాన్నని బూడిదది తేకు. తెల్లది అసలే వద్దు. నాకు ఎర్రది గావాలె. పండుమిరపకాయ రంగు."

మా మామ పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి ఆమె ఎర్రది కట్టుకోగా నేను చూడలేదు. ఎవరైనా ఏమైనా అంటారేమో అని నేను తటపటాయించాను. అది కనిపెట్టి, "అనెటోళ్ళు నా మోకాళ్ళకు మందు రాస్తలేరు గదా" అంది.

ఆపా ఆ రంగు ఊలు బేగంబజారు నుంచి తెప్పించింది. మెత్తటిది, ముసలి చర్మాన్ని గీరనిది. క్రోషే శాలువా. కింది నుంచి పైకి అంతా ఒకటే రంగు, చుట్టూ గవ్వల్లాంటి అంచు. ఉండ అయిపోయి కొత్తది కలిపిన ప్రతిచోటా ముడి కనపడకుండా దారం కొసలను లోపలి వరసల్లో దాచడం ఆపా నేర్పింది. చివరి కొసను ఎడమ మూల గవ్వ కింద దాచాను. నేను అల్లినవాటన్నిటిలో పగ గుర్తుకు రాకుండా అల్లింది అదొక్కటే. అత్తమ్మ కప్పుకుని, అద్దం తెమ్మని అడిగి, ముందు నుంచీ పక్క నుంచీ చూసుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ లేనిది నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

మళ్ళీ వెళ్ళేసరికి భుజాల మీద ఆ పాత తువ్వాళ్ళే ఉన్నాయి.

"శాలువా ఏది అత్తమ్మా?"

"ఉతకనీకేసిన్రు."

ఇంకోసారి వెళ్ళినప్పుడూ ఉతకడానికే వేశారంది. నా ముఖం చూడకుండా చెప్పింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఎవరిదో పెళ్ళి ఫోటో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మధ్యలో నా యారాలు. పట్టుచీర మీద పండుమిరపకాయ రంగు శాలువా, ఒక భుజం మీద మడతపెట్టి. నేను ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమ మూల గవ్వను గుర్తుపట్టాను.

మా ఆయనకు చూపించాను. "అమ్మే ఇచ్చిందేమో" అన్నాడు.

అత్తమ్మకు ఫోన్ చేసి అడిగాను. గొంతు తగ్గించి చెప్పింది. "ముసల్దానివి, ఎర్రది కప్పుకుంటే నలుగురు నవ్వుతరు అన్నది బిడ్డా. మంచిగ మడిచి పెడ్త ఇయ్యిమన్నది. మడిచి ఆమె బీరువల పెట్టుకున్నది. నువ్వేం అనకు. ఇంట్ల నేనుండాలె."

ఆమె అనొద్దన్నది కాబట్టి నేను ఫోన్‌లో ఎవరినీ ఏమీ అనలేదు. చేతిసంచిలో క్రోషే సూది ఉందా లేదా అని చూసుకుని, కార్తీక మాసం కోసం ఎదురుచూశాను. కార్తీక మాసంలో మా చుట్టాలందరూ ఒకచోట వనభోజనానికి కలుస్తారు. ఆమె ఆ శాలువా వేసుకోకుండా రాదని నాకు తెలుసు.

ఆ ఏడాది వనభోజనాలు శామీర్‌పేట అవతల మా చుట్టాల మామిడితోటలో. పొద్దున చలి ఉంది కానీ పదకొండు దాటేసరికి ఎండ చురుక్కుమంటోంది. అయినా యారాలు శాలువా తీయలేదు. కింద చాపలు పరిచారు. ముసలివాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు. అత్తమ్మ చెట్టు నీడకు చలేసి చెవులకు తువ్వాలు చుట్టుకుని ఒక కుర్చీలో కూర్చుంది. పులిహోర వాసన, పిల్లల గోల. నేను వడ్డిస్తూ యారాలి దగ్గర్లోనే తిరుగుతున్నాను.

చుట్టాలావిడ ఒకామె శాలువా అంచు పట్టుకుని, "మస్తున్నది గదా. యాడ దీసుకున్నవ్?" అని అడిగింది.

"పోయిన ఎండకాలం కాశ్మీర్ పోయినం గదా" అంది యారాలు. "ఆడ ఒక్కటే పీసు ఉండె. గీ డిజైన్ మల్ల దొరకదన్నడు."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె తన విస్తరిలోకి చూస్తోంది. చేతిలో గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, చేతిసంచి అందుకుని యారాలి దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, అది అత్తమ్మది. ఇచ్చెయ్యి."

ఆమె నవ్వింది. "ఏంది?"

"నేను అత్తమ్మకు అల్లిన శాలువా అది. ఆమెకు సలైతాంది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. యారాలు శాలువాను ఇంకొంచెం పైకి లాక్కుంది. "ఏమన్న పేరు రాసి ఉన్నదా దీని మీద?"

"పేరు లేదు."

"ఇగ మరి?" అని చుట్టూ చూసింది. "ఏదో గింత అల్లుడు నేర్చుకున్నది పాపం. ఎర్రగ ఏది కండ్లవడ్డ నాదే అంటాంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు.

"కొన్నవంటున్నవ్ గదా అక్కా. దీని కొస యాడున్నదో చెప్పు."

"కొసేంది?"

"అల్లిన దేనికైనా చివరికి ఒక కొస దాస్తరు. అల్లినోళ్ళకే ఎరుకుంటది. నువ్వు చెప్పకపోతే నేను చూపిస్త."

ఆమె ఏదో అనబోయేలోపు నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎడమ మూల ఆమె నడుము దగ్గర వేలాడుతోంది. సంచిలోంచి సూది తీసి, గవ్వ కిందకు పోనిచ్చి, దాచిన దారాన్ని బయటికి లాగాను. చివరి ముడి విప్పాను. నా చేతులు ఎంత వదులుగా ఉన్నాయో నాకే ఆశ్చర్యం వేసింది. కొసను వేలికి చుట్టుకుని మెల్లగా గుంజాను. గవ్వ ఒకటి విచ్చుకుని మాయమైపోయింది. దాని పక్కది. దాని పక్కది.

"ఏం జేస్తున్నవే నువ్వు?" అని ఆమె వెనక్కి జరిగింది. కొస నా వేలికి ఉంది. ఆమె ఎంత జరిగితే అంత విడిపోయింది. కోపంతో ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. ఆమెకూ నాకూ మధ్య ఎర్రటి దారం సాగింది. ఒక పక్క అంచు మొత్తం పోయింది. జరిగేకొద్దీ పోతోందని అర్థమయ్యేసరికి కదలకుండా నిలబడిపోయింది. నేను నా చోటు నుంచే లాగుతూ ఉన్నాను. నలుగురిలో నా స్వెటర్ ఎత్తిపట్టుకున్న రోజు ఆమె ముఖంలో కనిపించిన వెలుగు ఇప్పుడు నా ముఖంలో ఉండే ఉంటుంది. నాకు చాలా హాయిగా ఉంది.

"తీస్కపో నీ పీలికలు" అని శాలువా తీసి నా మీదికి విసిరేసింది.

అక్కడితో ఆపొచ్చు. శాలువా నా చేతికొచ్చింది. అంచు మళ్ళీ అల్లి అత్తమ్మ భుజాల మీద కప్పొచ్చు. చూస్తున్నవాళ్ళందరూ అదే అనుకున్నారట, తర్వాత చెప్పారు. కానీ ఆ శాలువా నెలల తరబడి ఆమె ఒంటి మీద తిరిగింది. ఆమె సెంటు వాసన కొడుతోంది. ఒక్క వరస కూడా మిగల్చాలనిపించలేదు. చాప మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, మొత్తం విప్పడం మొదలుపెట్టాను. ఉండ మార్చిన చోట దారం ఆగేది. ఆగిన ప్రతిచోటా ముడి ఎటువైపు దాచానో సూదితో చూపించి, తీసి, ముందుకు పోయేదాన్ని. ఒక్కటి కూడా వెతుక్కోలేదు. యారాలు అక్కడే నిలబడి చూసింది. వెళ్ళిపోతే ఓడినట్టు. ఉంటే చూడాలి.

ఒళ్ళో దారం చిక్కుపడుతోంది. అప్పుడు అత్తమ్మ కుర్చీలోంచి లేచింది. వంగిన నడుముతో మెల్లగా నడిచొచ్చి, నా ఎదురుగా చాప మీద కూలబడి, రెండు చేతులూ ముందుకు చాపింది. దారం చుట్టుకోమని. నేను విప్పిన దారాన్ని ఆమె రెండు చేతుల చుట్టూ వేస్తూ పోయాను. ఆమె ఒక్కసారి కూడా పెద్దకోడలి వైపు చూడలేదు. ఆ తర్వాత శాలువా ఎవరిదని ఎవరూ అడగలేదు.

బండి మీద ఇంటికి వస్తుంటే, అల్వాల్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు మా ఆయన, "సగం దాక ఇప్పితే సాలుండె" అన్నాడు.

ఆపాకు చెప్తే ముందు ఎంతో సంబరపడి, ముళ్ళన్నీ ఎలా విడదీశానో రెండుసార్లు చెప్పించుకుంది. కాసేపటికి ముఖం మారింది. "గంత మంచి పని బేటా. అంచు దాక ఇప్పి ఆగొద్దా?" అంది. ఆ పూట ఇంక నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ వారంలోనే బావ కారు మా వాకిట్లో ఆగింది. అత్తమ్మనూ ఆమె ట్రంకుపెట్టెనూ దించి, "మీరే సూసుకోండ్రి ఇగ. మా ఇంట్ల ఆమెతోని ఐతలేదు" అన్నాడు. లోపలికి రాలేదు. నాకు శిక్ష వేశాననుకున్నాడు. నిజానికి తోటలో జరిగినప్పటినుంచి నాకు భయంగానే ఉండేది. నా మీది కోపాన్ని యారాలు ఆ ఇంట్లో ఎవరి మీద తీర్చుకుంటుందో ఊహించగలను. ట్రంకుపెట్టె చూసి నా గుండె కుదుటపడింది.

అయితే అత్తమ్మతో ఉండటం తేలికేమీ కాదు. మా చాయ్ నీళ్ళలాగా ఉంటుంది. మా వీధిలో చెత్త వాసన. శామీర్‌పేటలో తన గదికి కిటికీలోంచి చెట్లు కనపడేవి, ఇక్కడ పక్కింటి గోడ కనపడుతుంది. టీవీ రిమోట్ ఆమె దిండు కిందే ఉంటుంది. మా ఆయన మీద వచ్చే కంపెనీ మందుల వాసనకు రోజూ ముక్కు మూసుకుంటుంది. కోపం వచ్చిన రోజు నన్నే అంటుంది. "నా శాలువా పీకినవ్" అని.

ఆ ఊలును గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి, వంకరలు పోయేలా బరువు కట్టి దండెం మీద ఆరేశాను. సెంటు వాసన పోయింది. మళ్ళీ శాలువా మొదలుపెడతానంటే అత్తమ్మ వద్దంది.

"శాలువా వద్దు బిడ్డా. గుంజుకున్నా రానిది ఏమన్న జెయ్యి."

ఆమెను నిలబెట్టి, వంగిన వీపు కొలత, కుంగిన భుజాల కొలత, ఒకదానికంటే ఒకటి కిందికి దిగిన చేతుల కొలత తీసుకున్నాను. ఆ కొలతలకు సూదులతో నిండుచేతుల స్వెటర్ అల్లాను. ఆమెకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ పట్టదు. దాన్ని వేసుకుని ఆమె వాకిట్లో కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు ఆ రంగు చూసి ఆగుతారు. ఆమె వాళ్ళను పిలిచి ఎవరు అల్లారో చెప్తుంది. శామీర్‌పేట సంగతి కూడా మొత్తం చెప్తుంది. ప్రతిసారీ దారం ఇంకొంచెం పొడుగవుతుంది. నేను లోపలి నుంచి వింటూ ఉంటాను. ఎప్పుడూ ఆపలేదు.

మొన్న బావ మా ఆయనకు ఫోన్ చేశాడు. వచ్చే ఫంక్షన్‌లో నేను యారాలి దగ్గరికి వెళ్ళి, తప్పయింది అక్కా అని ఒక్క మాట అంటే అంతా మామూలైపోతుందట. మా ఆయన ఆ మాట నాకు చేరవేసి, నా ముఖం వైపు ఆశగా చూశాడు. పెద్దవాళ్ళు పోట్లాటలు మరిచిపోవాలని ఆయన కోరిక. మంచి మనిషి.

"ముందుగాల ఆమె అత్తమ్మకు జెప్పాలె. గప్పుడు నేను ఆమెకు జెప్త" అన్నాను.

మా ఆయన అది ఫోన్‌లో అలాగే చెప్పాడు. ఇంతవరకు బదులు రాలేదు. నాకేం తొందర లేదు. మంగళవారం, శుక్రవారం క్లాసుకు పోతున్నాను. అత్తమ్మ కూడా వస్తానంటోంది.